రాత్రి ఎవరి లెక్కలో?

సమాజసేవలో ఉన్నవాళ్లకు నిద్ర గురించి సలహాలు ఈమధ్య బాగా పెరిగాయి. వేళకు పడుకోండి, పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టండి, సాయంత్రం దాటాక టీ తాగకండి, మీ ఒంటిని మీరు చూసుకుంటేనే ఇంకొకరికి సాయపడగలరు అని శిక్షణ తరగతుల్లో చెబుతున్నారు. అమెరికాలోని సోషల్ వర్కర్ల జాతీయ సంఘం 2021లో తన నీతి నియమావళిని సవరించి, తనను తాను కాపాడుకోవడం కూడా వృత్తిధర్మంలో భాగమేనని చేర్చింది. ఈ మాటలన్నీ మంచివే. అయితే జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి ప్రాంతాల గతాన్ని నిద్ర వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఇక్కడ మనిషి ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు లేవాలో చాలాసార్లు అతని చేతిలో లేదు. చెరువు తూము, దొర గడి, బొగ్గుబాయి సైరన్, వ్యవసాయ కరెంటు, సర్కారు పథకం ఒక్కోకాలంలో ఒక్కొక్కటి ఆ నిర్ణయం తీసుకున్నాయి. ఇంకొకరి కోసం మేల్కొన్న రాత్రిని లెక్కలో రాసుకున్న కాలంలో మనిషికి విశ్రాంతి దక్కింది, రాసుకోని కాలంలో దక్కలేదు. ఇవాళ ఆశ వర్కర్, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ టీచర్, హింసకు గురైన మహిళలకు అండగా ఉండే సఖి కేంద్రంలోని కౌన్సిలర్ నిద్ర బాగుపడాలంటే సలహాలకంటే ముందు ఆ లెక్క సరిచేయాలన్నది నా వాదన.

మొదట చెరువు కట్ట దగ్గరికి వెళ్దాం. కాకతీయుల కాలం నాటి చెరువులతో బతికిన నేల ఇది. భూపాలపల్లి పక్కన ఘనపురంలో గణపసముద్రం, మానుకోట జిల్లా బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన పెద్దచెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. ఇలాంటి ప్రతి చెరువుకూ ఒక నీరటి ఉండేవాడు. తూము ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం అతని పని. వానాకాలంలో మత్తడి దుంకుతుంటే కట్టకు ఎక్కడైనా బుంగ పడుతుందేమోనని రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి. ఊరంతా ఆదమరిచి పడుకుంటే అతనొక్కడు లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేవాడు. ఆ కష్టానికి పంట నూర్చినప్పుడు కల్లం దగ్గరే అతని వాటా తీసిపెట్టేవాళ్లు. దాన్ని మేర అన్నారు. మేర ఎంత అన్నది ఊరూరికీ వేరు. నీరటి పనిలో కులం కట్టుబాటు ఉంది, ఆ కాలం న్యాయమైనదని నేను అనను. ఆ ఏర్పాటులో ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాల్సింది. ఊరి కోసం మేల్కొన్నవాడికి ఊరు బాకీ ఉందని అందరూ ఒప్పుకున్నారు, ఆ బాకీని గింజల్లో కొలిచి తీర్చారు.

గడి ఈ లెక్కను తలకిందులు చేసింది. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనం సాగింది ఇక్కడే. వెట్టి గురించి మనం ఎక్కువగా పగటి పనులే చెప్పుకుంటాం. దొర పొలం దున్నడం, అధికారుల మూటలు మోయడం, టపా తీసుకుని ఊరినుంచి ఊరికి నడవడం, కుండలు, చెప్పులు, కల్లు ఉత్తపుణ్యానికి ఇవ్వడం లాంటివి. వెట్టికి రాత్రి ముఖం కూడా ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన గ్రంథంలో కులాలవారీగా వెట్టి పనుల పట్టిక ఇచ్చారు. అందులో మంగలివాళ్లు రాత్రిపూట దొర కాళ్లు పిసికి, ఒళ్లు పట్టాలన్నది ఒకటి. ఈ ఒక్క పనిని కాస్త దగ్గరగా చూడండి. పగలంతా క్షవరాలు చేసి వచ్చిన మనిషి, దీపం వెలుగులో మంచం కాడ కూర్చుని, ఇంకో మనిషికి కన్ను మూతపడేదాకా కాళ్లు వత్తుతూ ఉండాలి. దొరకు కునుకు ఎప్పుడు పడితే అప్పుడు అతని పని అయిపోయినట్టు. అంతకుముందు లేచి పోవడానికి లేదు. తెల్లారితే మళ్లీ పని తప్పదు. ఇక్కడ ఒకరి నిద్రతో ఇంకొకరి నిద్రను కొన్నారు, వెల మాత్రం చెల్లించలేదు. నీరటికి ఉన్న మేర ఇక్కడ లేదు, ఫలానా వేళకు అయిపోతుందన్న హద్దూ లేదు.

ఆంధ్ర మహాసభ, ముఖ్యంగా 1944 భువనగిరి మహాసభ తర్వాత, వెట్టి రద్దును ఊరూరి నినాదం చేసింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ తను సాగు చేసిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా మహాసభ సంఘం అండతో ఇంటికి తెచ్చుకుంది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద గడి నుంచి కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాత ఈ ప్రాంతంలో రాత్రి అర్థం పూర్తిగా మారింది. సాయుధ పోరాట దళాలు చీకట్లో నడిచి, పగలు గుట్టల్లో, చెలకల్లో పడుకున్నాయి. ఊళ్లలో రక్షణ దళాలు వంతులవారీగా కాపలా కాశాయి. అప్పట్లో జనగామ తాలూకాలో ఉన్న, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో కలిసిన బైరాన్‌పల్లిలో ఊరి బురుజు మీద యువకులు రాత్రింబగళ్లు నిలబడి, రజాకార్లు వస్తున్న జాడ తెలియగానే నగారా మోగించి ఊరిని లేపేవాళ్లు. దాడులను కొన్నిసార్లు తిప్పికొట్టారు కూడా. 1948 ఆగస్టు 27న తెల్లవారుజామున రజాకార్లూ నిజాం బలగాలూ పెద్దఎత్తున ఊరి మీద పడి మారణకాండ జరిపాయి. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. వంతు కాపలా కాసిన ఆ యువకులు ఎవరి జీతానికీ మేల్కోలేదు. కానీ అది వెట్టికి పూర్తిగా వ్యతిరేకమైన మెలకువ. ఒకడు బురుజు మీద ఉంటేనే మిగతావాళ్లు కింద కంటినిండా పడుకునేది. రేపు వాళ్లు ఎక్కుతారు, ఇతను పడుకుంటాడు. ఇష్టపడి చేసిన త్యాగంలో కూడా ఊరు వంతు అనే ఏర్పాటును వదల్లేదన్నదే ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపిస్తున్న విషయం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. సేవ అంటేనే త్యాగం కదా, కునుకులు లెక్కపెట్టుకునేవాడు సేవకుడెలా అవుతాడు అని. మన దగ్గర ఈ భావన చాలా బలంగా ఉంది. నిద్రాహారాలు మాని పనిచేశాడంటే అంతకు మించిన పొగడ్త లేదు. అయితే సేవకే జీవితం ఇచ్చినవాళ్ల దినచర్యలు చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. గాంధీ ఆశ్రమంలో తెల్లవారుజామున 4 గంటలకు లేపే గంట కొట్టేవాళ్లు, రాత్రి 9కి పడుకునే గంట కూడా అంతే కచ్చితంగా కొట్టేవాళ్లు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానం మొదలయ్యాక వినోబా భావే నల్లగొండ, వరంగల్ జిల్లాల ఊళ్ల మీదుగా కాలినడకన తిరిగారు. కొద్ది వారాల్లోనే పన్నెండు వేల ఎకరాలకు పైగా భూమి దానంగా వచ్చింది. ఆ యాత్ర అంతా పెందలాడే పడుకోవడం, తెల్లవారకముందే లేచి నడవడం అనే నియమం మీద నడిచింది. భూదానం భూమి సమస్యను ఎంతమేరకు తీర్చింది అన్నది వేరే చర్చ, అందులో నాకు అనుమానాలున్నాయి. కానీ రోజూ ఊరు మారే మనిషి కూడా నిద్రవేళను నియమంగా పెట్టుకున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు ఆ నియమాన్ని మన్నించారు. నిద్రను త్యాగానికి శత్రువుగా చూసే పద్ధతి మన సేవా సంప్రదాయంలో అన్నిచోట్లా ఉన్నదేమీ కాదు. పైగా ఎప్పుడు మేల్కోవాలో తనే నిర్ణయించుకునే అధికారం లేనివాడి మెలకువను త్యాగమనడం ఆ మాటకే అన్యాయం.

భూపాలపల్లి వైపు వస్తే రాత్రికి లెక్క కట్టే పనిని చట్టం చేపట్టిన తీరు కనిపిస్తుంది. 1889లో ఇల్లందు దగ్గర మొదలైన సింగరేణి బొగ్గు తవ్వకం తర్వాతి కాలంలో గోదావరి తీరం వెంట విస్తరించి భూపాలపల్లి కేటీకే గనుల దాకా వచ్చింది. గని ఆగదు. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ అని రోజును మూడు ముక్కలు చేసి మనుషులను దించుతారు. పక్కనే చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రంలో బాయిలర్ కూడా రాత్రి ఆగదు. ఇంత మెలకువను మోసే కార్మికుడికి 1952 గనుల చట్టం కొన్ని హద్దులు గీసింది. భూగర్భంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదంది. మించితే రెట్టింపు వేతనం ఇవ్వాలంది. షిఫ్టు అర్ధరాత్రి దాటితే ఆ కార్మికుడి వారపు సెలవును క్యాలెండర్ తేదీతో కాకుండా షిఫ్టు ముగిసిన క్షణం నుంచి వరుసగా 24 గంటలుగా లెక్కించాలంది. ఈ చివరి నిబంధన చిన్నదిగా కనబడుతుంది కానీ చాలా ఆలోచించి రాసింది. తెల్లారి 7 గంటలకు బాయి నుంచి పైకి వచ్చినవాడికి ఆదివారం సెలవని చెప్పి ఆ రాత్రి పన్నెండు దాటగానే మళ్లీ పిలిస్తే అందులో సగం నిద్రకే పోతుంది, సెలవు మిగలదు. అర్ధరాత్రి దాటిన పని పగటి పనికంటే వేరని, దాని తర్వాతి విశ్రాంతిని వేరుగా కొలవాలని చట్టం గుర్తించింది. దానికి ఆధారం మస్టర్, అంటే హాజరు పట్టీ. బాయిలోకి దిగేముందు మస్టర్ పడుతుంది, ఆ రాత్రి కాగితం మీదకు ఎక్కుతుంది. సంఘాలు తర్వాత ఏది అడిగినా ఆ కాగితం చూపించే అడిగాయి.

అయితే మస్టర్ పడ్డంత మాత్రాన నిద్ర దక్కిందా అని గని కార్మికుల ఇళ్లలో ఎవరైనా అడగవచ్చు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు రేకుల కింద, పిల్లల అల్లరి మధ్య, మే నెల ఎండలో పగలు పడుకునే నిద్ర రాత్రి నిద్రకు సాటి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం రాత్రి షిఫ్టు పనిని మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో 2007లో చేర్చింది, 2019లో మళ్లీ ధ్రువీకరించింది. ఒంట్లోని గడియారం వెలుతురును బట్టి నడుస్తుందని, జీతంతో దాన్ని తిప్పలేమని వైద్యశాస్త్రం చెబుతోంది. ఆ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురికి 2017లో నోబెల్ ఇచ్చారు. కాబట్టి లెక్క కట్టడం వల్ల రాత్రి పని హాని లేనిదైపోతుందని నేను చెప్పడంలేదు. లెక్క ఉంటే ఆ హాని గురించి మాట్లాడే వీలుంటుంది. ఎన్ని రాత్రులు, వరుసగా ఎన్ని, తర్వాత ఎంత విరామం అన్నది కాగితం మీద ఉన్నప్పుడే డాక్టరైనా, సంఘమైనా, కోర్టైనా ఇది ఎక్కువ అని చెప్పగలరు.

ఇప్పుడు ఇవాళ్టి సేవ దగ్గరికి రావాలి. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం, 2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలయ్యాయి. మొదటిది అంగన్‌వాడీ టీచర్‌నూ ఆయానూ, రెండోది ఆశ వర్కర్‌నూ ఊరికి ఇచ్చాయి. దాదాపు వెయ్యి జనాభాకు ఒక ఆశ అన్నది లెక్క. ఆమెను నియమించేటప్పుడు కేంద్ర మార్గదర్శకాలు ఆమెను గౌరవ స్వచ్ఛంద సేవకురాలిగా పేర్కొన్నాయి. జీతం ఉండదు, పనిని బట్టి పారితోషికం ఉంటుంది, ఆమె మామూలు బతుకుదెరువుకు అడ్డం రాకుండా పని ఉండాలి అని రాశాయి. అంటే ఆమె పగలు తన చేను చూసుకుంటుందని, మిగిలిన సమయంలో ఊరి ఆరోగ్యం చూస్తుందని ముందే అనుకున్నారు. మిగిలిన సమయంలో రాత్రి కూడా ఉందని, ఆ రాత్రి ఆమె నిద్రదని మాత్రం ఎక్కడా రాయలేదు. గర్భిణిని ఆసుపత్రికి తోడుండి తీసుకెళ్లడం ఆమె పనుల్లో ఒకటి. 2011 నుంచి పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లి చూడడం ఇంకొకటి. నొప్పులకు వేళాపాళా ఉండదు కనుక ఇందులో మొదటి పని రాత్రి పనే అవుతుంది చాలాసార్లు.

మానుకోట జిల్లాలో కొత్తగూడ, గంగారం వైపు అడవిలో ఉన్న ఏ కోయగూడెమో, గూడూరు వైపు ఏ లంబాడీ తండానో తీసుకోండి. రాత్రి పదకొండు గంటలకు ఫోన్ వస్తుంది, నొప్పులు మొదలైనాయని. ఆమె లేచి, 108కి ఫోన్ చేసి, వాగు దాటే దారి బాగుందో లేదో కనుక్కుని, గర్భిణి ఇంటికి వెళ్తుంది. బండి వచ్చేదాకా పక్కనే ఉంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూసి రక్తం తక్కువుందని, బిడ్డ అడ్డం తిరిగిందని పెద్ద దవాఖానకు రాస్తారు. అక్కడినుంచి మానుకోటకు, అక్కడ కాదంటే వరంగల్‌కు ప్రయాణం. కాన్పయ్యేసరికి తెల్లారుతుంది. ఆసుపత్రి రిజిస్టర్‌లో బిడ్డ పుట్టిన సమయం నిమిషాలతో సహా ఎక్కుతుంది. బిడ్డ బరువు ఎక్కుతుంది, తల్లి రక్తపోటు ఎక్కుతుంది. ఆశ వర్కర్ ఇల్లు వదిలింది ఎన్నింటికి, మళ్లీ చేరింది ఎన్నింటికి అన్నదానికి అందులో గడి లేదు. పొద్దున ఆమెకు ఆ ఒక్క పారితోషికం లెక్కలోకి వస్తుంది, మధ్యాహ్నం మీటింగు ఉంటే మీటింగు ఉంటుంది. 2021 మేలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే జరిగినప్పుడు ఇదే మనిషి ఇల్లిల్లూ తిరిగింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశ వర్కర్లందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. గౌరవం దక్కినందుకు సంతోషమే. ఆ గౌరవంతోపాటు ఒక డ్యూటీ చార్టు కూడా వచ్చి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ని.

ఇక్కడ నిద్ర లేకపోవడం ఆమె ఒక్కదాని నష్టం కాదు. వరుసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి చురుకుదనంతో సమానంగా పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన మోటారు వాహనాల చట్టం బండి నడిపేవాడికి ఒప్పుకునే హద్దు 0.03 శాతమే. పొద్దున ఐదింటికి లేచి వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, చేనుకు పోయి, సర్వే చేసి వచ్చిన ఆడమనిషికి రాత్రి పదింటికే 17 గంటలు నిండుతాయి. పదకొండుకు వచ్చే ఫోన్ ఎత్తేటప్పటికే ఆమె ఆ హద్దు దాటి ఉంది. ఆ స్థితిలో ఆమె ఏ ఆసుపత్రికి పోవాలో చెప్పాలి, బిడ్డ ఊపిరి గమనించాలి, భయపడ్డ కుటుంబానికి ధైర్యం చెప్పాలి. 1974లో న్యూయార్క్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ సేవారంగంలో మనుషులు లోపలినుంచి కాలిపోవడం గురించి రాసినప్పుడు ఆయన కళ్లముందున్నది ఉచిత వైద్యశాలలో పగలు తమ పనులు చేసుకుని రాత్రిళ్లు సేవ చేసే వాలంటీర్లే. సమస్య ఏమిటో తెలిసి యాభై ఏళ్లు దాటింది.

ఆశ వర్కర్ రాత్రి పనిని వెట్టి పక్కన పెట్టి చూడడం అతి అని కొందరనవచ్చు. ఆ మాటలో నిజముంది. ఆశ వర్కర్‌ను ఎవరూ కొట్టి తీసుకెళ్లడంలేదు, ఆమె మానేయవచ్చు, ఆమెకు ఊరిలో గౌరవం ఉంది, తన పని మీద ఆమెకు ప్రేమ కూడా ఉంది. రాజ్యాంగం 23వ అధికరణంతో బేగార్‌ను నిషేధించిన దేశం ఇది. కానీ 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు అదే అధికరణాన్ని వివరిస్తూ, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని చెప్పింది. మనిషి తనంతట తాను వచ్చినట్టు కనిపించినా లేమి ఆ మనిషిని నెట్టి ఉండవచ్చన్నది ఆ తీర్పులోని తర్కం. పథకాల్లో పనిచేసేవాళ్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 2013లో 45వ భారత కార్మిక మహాసభ సిఫారసు చేసింది. అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2015లో తెలంగాణ ఆశ వర్కర్లు వంద రోజులకు పైగా సమ్మె చేశారు. ఆ సమ్మెలో డబ్బు ప్రధానంగా వినబడింది, అది సహజమే. పనిగంటలు కూడా అంతే గట్టిగా వినబడాలని నా కోరిక. ఎందుకంటే గంటలు తేలనిదే వేతనం తేలదు.

ఇంకో అభ్యంతరం మొహమాటం లేకుండా చూడాల్సింది. నిద్ర పాడయ్యేది పని వల్లనే కాదు, అలవాట్ల వల్ల కూడా అని. ఒప్పుకుంటాను. పని లేని రాత్రి కూడా పన్నెండు దాకా వీడియోలు చూసి పడుకునేవాళ్లు అన్ని వృత్తుల్లోనూ ఉన్నారు. దీనికి మందు తెలిసిందే. లేచే వేళను రోజూ ఒకటిగా ఉంచుకోవడం అన్నిటికంటే పనికొస్తుంది. రాత్రి కాన్పుకు పోయి వచ్చిన మర్నాడు పగలంతా పడుకోకుండా గంటన్నర కునుకు తీసి, ఆ రాత్రి మామూలు వేళకు పడుకుంటే ఒంటి గడియారం త్వరగా దారిలోకి వస్తుంది. నెలలు నిండిన గర్భిణి ఉన్న వారంలో సాయంత్రమే కొద్దిసేపు నడుం వాల్చడం మంచిది. మనసులో మెదిలే కేసుల సంగతులు పడుకునేముందు కాగితం మీద రాసిపెట్టుకుంటే సఖి కేంద్రంలో పనిచేసేవాళ్లకు కొంత తేలికవుతుంది. కొట్టించుకుని అర్ధరాత్రి వచ్చిన ఆడమనిషి మాటలు విన్న తర్వాత ఇంటికి పోగానే నిద్ర పట్టకపోవడం బలహీనత కాదు. ఇవన్నీ చెప్పాలి, నేర్పాలి. కానీ రాత్రి తొమ్మిదిన్నరకు రేపటి రిపోర్టు ఇప్పుడే పంపమని వాట్సాప్ గ్రూపులో పెట్టి, మర్నాడు పొద్దున మంచి నిద్ర మీద శిక్షణ ఇవ్వడం వల్ల ఏమీ ఒరగదు. ఫోన్ పక్కన పెట్టమనే సలహా ఆ ఫోన్ చేసే అధికారికి కూడా వర్తించాలి.

నిద్రను సర్కారు నిర్ణయాలు మార్చగలవా అని అడిగేవాళ్లకు ఈ ప్రాంతంలోనే సాక్ష్యం ఉంది. జనగామ మెట్టనేల, బోర్ల మీద బతికే వ్యవసాయం. ఏళ్ల తరబడి వ్యవసాయానికి కరెంటు విడతలుగా వచ్చింది, ఒక విడత రాత్రి వచ్చేది. రైతు టార్చిలైటు పట్టుకుని బావి కాడికి పోయి మోటారు వేసి, మడి తడిసేదాకా గట్టు మీదే పడుకునేవాడు. పాము కాటుకు, కరెంటు షాక్‌కు ప్రాణాలు పోయిన రాత్రులున్నాయి. ఆ బాధ పడలేక చాలామంది ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు, కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేది, నీళ్లు వృథాగా పోయేవి. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతా వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. దాని ఖర్చు మీద, భూగర్భ జలాల మీద వాదనలున్నాయి, ఉండాలి కూడా. కానీ బావి కాడ పడుకునే అవసరం తీర్చింది నిద్ర అలవాట్ల మీద పాఠం కాదు, సరఫరా వేళలు. ఆసుపత్రుల విషయమూ ఇంతే. 2022లో మానుకోటకు, 2023లో జనగామకు, భూపాలపల్లికి ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి ఆసుపత్రుల్లో రాత్రి పూట మత్తు డాక్టరు, కాన్పుల డాక్టరు నిజంగా అందుబాటులో ఉంటే వరంగల్ దాకా సాగే రాత్రి ప్రయాణాలు తగ్గుతాయి, ఆశ వర్కర్ పొద్దున ఇల్లు చేరే వేళా మారుతుంది.

కాన్పు ఆగదు, వరద ఆగదు, ఎవరో ఒకరు లేవాల్సిందే కదా అన్నది చివరి మాట. 2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు, 2024 ఆగస్టు 31 రాత్రి వానకు కేసముద్రం దగ్గర రైలుపట్టాల కింద మట్టి కొట్టుకుపోయినప్పుడు మేల్కొని పరుగెత్తినవాళ్ల వల్లే ప్రాణాలు నిలిచాయి. అలాంటి రాత్రి ఎవరూ గడియారం చూడరు, చూడమని నేను అడగను. కానీ ప్రతి రాత్రీ వరద రాత్రి కాదు. బొగ్గు ఆగదని తెలిసే గనికి మూడు షిఫ్టులు పెట్టారు. కాన్పు ఆగదని తెలిసినప్పుడు రెండు మూడు ఊళ్ల ఆశ వర్కర్లను కలిపి రాత్రి పిలుపుకు వంతులు వేయడం అసాధ్యం కాదు. బైరాన్‌పల్లి యువకులు తుపాకుల మధ్య వంతులు వేసుకోగలిగారు.

అందుకే మూడు జిల్లాల వైద్యారోగ్య, స్త్రీ శిశు సంక్షేమ శాఖల అధికారులకు నా విన్నపం ఇది. ఆశ వర్కర్ రిజిస్టర్‌లో రాత్రి పిలుపుకు ఇల్లు వదిలిన వేళ, తిరిగి చేరిన వేళ రాసే రెండు గడులు పెట్టండి. అర్ధరాత్రి దాటి పనిచేసిన మనిషికి మర్నాడు మధ్యాహ్నం దాకా సర్వే, మీటింగు, రిపోర్టు ఏదీ వద్దని లిఖితపూర్వకంగా ఆదేశించండి. రాత్రికి వేరుగా పారితోషికం కట్టండి. జిల్లా ఆసుపత్రిలో తోడు వచ్చినవాళ్లు నడుం వాల్చడానికి తలుపు గడియ ఉన్న ఒక గది, నాలుగు మంచాలు ఇవ్వండి. సఖి కేంద్రాల్లో వరుసగా ఎన్ని రాత్రులు ఒకరికే డ్యూటీ పడుతోందో నెలనెలా చూడండి. పాఠకులు కూడా తమ ఊరి ఆశ వర్కర్ రాత్రి కాన్పుకు పోయి వచ్చిందని తెలిస్తే, చిన్న పనికి పొద్దున్నే ఆమె తలుపు కొట్టకుండా మధ్యాహ్నం దాకా ఆగండి.